వదిలెయ్యమన్న అధ్యాయం

నర్సింహులు తన జీవితంలో చాలామందిని కొట్టాడు. అది దాచుకునే మనిషి కాడు. అడిగితే చెప్పేవాడు, అడక్కపోయినా ఒక్కోసారి తానే ఎత్తుకుని చెప్పేవాడు. పదమూడో ఏట షాబాదు బండల గనుల్లో సుత్తె పట్టాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ చేతికి వేరే గిరాకీ పుట్టింది. కూలీలు పని ఆపితే గుత్తేదారు కబురు పంపేవాడు. గెట్టు తగాదా వస్తే పెద్దరైతులు పిలిచేవారు. ముక్కు పగలాలంటే ఒక సీసా, కాలు విరగాలంటే రెండు. పని ముగించుకుని వచ్చి తాగి గుర్రుపెట్టి పడుకునేవాడు. ఎదుటి మనిషి నొప్పి తనకు సంబంధం లేని విషయం.

ఇంట్లోనూ అదే చెయ్యి. పెళ్లాం అంతమ్మది ఆలూరు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె ఒంటిమీద దెబ్బ పడని చోటు లేదు. తొంభై నాలుగులో ఒకరోజు అతను కొట్లాటకు పోకుండా ఆపాలని ఆమె అతని చెప్పులు దాచింది. అంత మాత్రానికే గడ్డపార ఎత్తి ఆమె ఎడమచేతి మీద వేశాడు. ముంజేయి రెండుచోట్ల విరిగి ఎముక బయటికి కనబడింది. ఆమె కేకలు పెడుతుంటే ఉత్తకాళ్లతోనే పోయి, ఆ కొట్లాటేదో కొట్టి వచ్చాడు. ఇలాంటివాడి గురించి చెప్పడం దేనికని ఎవరైనా అంటే కాదనను. ఆ రోజు నర్సింహులు చచ్చిపోయి ఉంటే ఏడవడానికి ఒక్కరూ ఉండేవారు కాదు.

ఆ వారంలోనే ఇంకో పని తగిలింది. బాల్‌రాజ్ అనే బోధకుడు లూనా బండి మీద వాడవాడా తిరిగి, కూలీలను తాగొద్దని చెబుతున్నాడు. సారా దుకాణం వాడికి అది కంటగింపైంది. నర్సింహులును పంపాడు. చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ, రోడ్డుకు కాస్త లోపలున్న ఒక వాడలో బాల్‌రాజ్ టార్పాలిన్ కింద పదిమందికి వాక్యం చెబుతున్నాడు. నర్సింహులు అతన్ని మెడపట్టి లేపి ఒకే ఒక్క గుద్దు గుద్దాడు. రెండు ముందుపళ్లు ఊడి మట్టిలో పడ్డాయి.

నాలుగో రోజున బాల్‌రాజ్ ఉబ్బిన మూతితో నర్సింహులు ఇంటికి వచ్చాడు. వచ్చింది అతని కోసం కాదు. అంతమ్మ చేతికి నాటుకట్టు వంకరగా కట్టారని ఎవరో చెబితే విని వచ్చాడు. ఆమెను బస్సెక్కించి దవాఖానకు తీసుకుపోయి, కట్టు మార్పించి, పొద్దుగూకే వేళకు తెచ్చి దింపాడు. అప్పుడు బాల్‌రాజ్ పోయి, వాకిట్లో కూర్చున్న నర్సింహులు ఎదురుగా నిలబడ్డాడు.

"నన్ను కొట్టినందుకు నీమీద కోపం లేదు, మాఫ్ చేసిన," అన్నాడు. "ఈమెను కొట్టినదానికి మాఫ్ చేసేటందుకు నేనెవన్ని? దేవుని ముంగట రెండు చుక్కలు కార్చి, ఈమె ముంగటికెళ్లి దర్జాగ నడుస్తనంటే నడువది. నువ్వు చేసింది పాపం. గిట్లనే ఉంటే నువ్వు పోయేది నరకానికే. మెత్తగ చెప్పుడు నాతోని గాదు."

నర్సింహులు లేచాడు. పిడికిలి బిగిసింది. బాల్‌రాజ్ కదల్లేదు. ఎందుకో ఆ చెయ్యి ముందుకు పోలేదు. అప్పటిదాకా అతనితో మాట్లాడినవాళ్లంతా భయపడి మాట్లాడినవాళ్లు, కాకుంటే పనిబడి మాట్లాడినవాళ్లు. ఉన్నది ఉన్నట్టు మొహాన చెప్పిన మొదటి మనిషి ఈ పళ్లూడినవాడు. మూడురోజులు తిండి సహించలేదు. నాలుగోరోజు అంతమ్మ ముందు కూర్చుని, మాఫ్ చెయ్యమని అడిగాడు.

"చూస్త," అంది ఆమె.

రెండేళ్లు చూసింది. ఆ రెండేళ్లూ అతను తాగలేదు, ఎవరిమీదా చెయ్యెత్తలేదు. చెయ్యి దురద పెట్టిన రోజున పోయి బండ పగలగొట్టుకునేవాడు. చివరికి ఆమె మాఫ్ చేసింది. చెయ్యి మాత్రం పూర్తిగా చక్కబడలేదు, కొంచెం వంకరగానే మిగిలింది.

ముప్పై నాలుగేళ్ల వయసులో నర్సింహులుకు బాల్‌రాజే అక్షరాలు నేర్పాడు. సుత్తె పట్టిన వేళ్లలో బలపాలు పిండిపిండి అయ్యేవి. "నెత్తి పలగ్గొడుతున్నవా, అచ్చరం రాస్తున్నవా?" అని బాల్‌రాజ్ నవ్వేవాడు. నవ్వినప్పుడల్లా ఆ పళ్ల సందు కనబడి నర్సింహులు తల దించుకునేవాడు. అలాగే తిట్లు తింటూ, చెమటలు కక్కుతూ, మూడేళ్లలో చదవడం పట్టుకున్నాడు. ఆ మనిషిని ప్రాణంగా చూసుకున్నాడు.

రెండువేల ఒకటి జనవరిలో బాల్‌రాజ్ సంఘంలో 'వరస చదువు' పెట్టాడు. పరిశుద్ధ గ్రంథం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఆదివారానికి ఒక అధ్యాయం. ఒక్కటీ దాటెయ్యకూడదు. చదివేది నర్సింహులు. ఆ రోజు ఏది చదివితే దానిమీదే బాల్‌రాజ్ బోధ. "మనం ఏరుకుంటే మనకు నచ్చినయే ఏరుకుంటం," అని అప్పుడు చెప్పాడు. "అట్ల ఏరుకుంటే మాట్లాడేది దేవుడు గాదు, మనమే." గోత్రాల పేర్లూ జనాభా లెక్కలూ వచ్చిన ఆదివారాల్లో సగం మంది కునుకు తీసేవారు. నర్సింహులు మాత్రం ఒక్క పేరు వదలకుండా, నోరు తిరగనివాటిని రెండుసార్లు చదివేవాడు.

ఈలోపల నగరం ఇటు నడిచి వచ్చింది. గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేచినకొద్దీ మొయినాబాదు దాకా భూముల ధరలకు రెక్కలొచ్చాయి. జొన్నచేలల్లో రంగులు వేసిన రాళ్లు మొలిచాయి. ఆదివారం రోజున వాడ ముందు కార్లు ఆగడం మొదలైంది. కంప్యూటరు ఉద్యోగాల వాళ్లు, మెల్లగా మాట్లాడే మంచి మనుషులే, పిల్లాపాపలతో వచ్చి వెనక కూర్చునేవారు. వాళ్లను చూసి బాల్‌రాజ్ మారాడు. ఒక్కరోజులో కాదు. మొదట నరకం అనే మాట మానేశాడు. తర్వాత పాపం కాస్తా 'బలహీనత' అయింది. పశ్చాత్తాపం ఊసే పోయింది. చదివిన అధ్యాయం ఒకటైతే చెప్పే బోధ ఇంకొకటి: దేవుడు నీకు ప్రమోషను ఇస్తాడు, నీ సరిహద్దులు విశాలం చేస్తాడు, నిన్ను తోకగా కాక తలగా ఉంచుతాడు. పళ్లు కూడా కట్టించుకున్నాడు. ఆ పళ్ల విషయంలో మాత్రం నర్సింహులుకు నిజంగానే సంతోషం కలిగింది.

ఆ సరిహద్దుల బోధ బాగా నచ్చినవాడు ప్రభాకర్. చేవెళ్ల ప్రాంతంలో భూములు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు. ఏ మతమూ పట్టింపు లేదు, అందరికీ దండం పెడతాడు. వెంచరు పక్కన మంచి మందిరం ఉంటే కొనేవాళ్లకు ముచ్చటగా ఉంటుందని జాగా ఇచ్చి, కట్టించి పెట్టాడు. బండలు పరిచింది నర్సింహులే, కూలి తీసుకోలేదు. రెండువేల ఆరు డిసెంబరులో ప్రతిష్ఠ అని పెట్టుకున్నారు.

ఆ వెంచరుకూ రోడ్డుకూ మధ్య శివయ్య అనే ముసలి రైతు పొలం ఉంది. అమ్మనన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "మా నాయిన ఈడనే సచ్చిండు, నేను గూడ ఈడనే సస్త."

ఆ మాట నిజం చేశారు. ప్రతిష్ఠకు పదిరోజుల ముందు, పట్టపగలు, నర్సింహులు పనిమీద ఆ దారిన పోతుంటే బోరు దగ్గర మూలుగు వినబడింది. శివయ్య బోర్లా పడి ఉన్నాడు. తిప్పి చూస్తే నోట్లోంచి నురగతో నెత్తురు. నర్సింహులుకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ విద్య అతనిది. కొట్టింది ఇద్దరు. పార కామలతో కొట్టారు. ఎడమవైపు పక్కటెముకల మీద ఒకే చోట మళ్లీమళ్లీ కొట్టారు. అలా కొట్టేది మనిషిని బెదిరించడానికి కాదు. భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తి ఆటోలో వేశాడు. శివయ్య మూడోరోజు దవాఖానలో పోయాడు. బోరు షెడ్డు మీదినుంచి జారిపడ్డాడని పంచనామా రాసుకున్నారు, చూసినవాళ్లు ఇద్దరున్నారట. శివయ్య భార్య రామమ్మ ఠాణా ముందు మన్ను తీసి పోసి శాపం పెట్టింది. ఆమె ఒక్కతే.

ప్రతిష్ఠకు ముందురోజు, శనివారం మధ్యాహ్నం, బాల్‌రాజ్ నర్సింహులును కొత్త మందిరానికి పిలిచాడు. కుర్చీలు సర్దుతున్నవాళ్లను బయటికి పంపాడు.

"రేపటి అధ్యాయం ఏది?"

"మీకు ఎరుకే గద అయ్యగారూ. పక్కోని ద్రాక్షతోట రాజు అడిగింది. ఇయ్యనంటే సంపించింది."

"అది వదిలెయ్. దాని తర్వాతది చదువు."

నర్సింహులు ఒక కుర్చీ లాగి వరుసలో సర్దాడు.

"ఒక్క అధ్యాయమే. మల్ల ఎప్పుడన్న చదువుదం. రేపు పండుగ. ప్రభాకరన్న ముంగట కూసుంటడు, సిటీ నుంచి వచ్చినోళ్లుంటరు. పండుగపూట గా నెత్తురు, గా కుక్కలు ఎందుకు?"

"వరస తప్పొద్దన్నది మీరే."

"అన్న. అప్పుడు పదిమందికి చెప్తుంటి. వానొస్తే తడుసుకుంట చెప్తుంటి. ఇప్పుడు మూడువందల మంది. వాడ పిల్లలకు సదువు చెప్పిస్తున్న. గట్టిగ చెప్పినన్ని దినాలు మారింది ఒక్కడే నర్సింహులూ, నువ్వే. మెత్తగ చెప్తే వందలమంది వస్తున్నరు."

"వచ్చినోళ్లు ఏం మారిండ్రు?"

బాల్‌రాజ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"శివయ్యను కొట్టి సంపిండ్రు," అన్నాడు నర్సింహులు. "దెబ్బలు నేను చూసిన. పడ్డ దెబ్బలు గావు. మీరన్న ఒక మాట అనాలె."

బాల్‌రాజ్ గోడను చూస్తూనే అన్నాడు. "పంచనామా మీద సంతకం నాదే."

"ఏందీ?"

"పడంగ చూసిన అని. ప్రభాకరన్న అడిగిండు. ముసలోడు ఎట్లన్న పాయె, తిరిగి వస్తడా అన్నడు. పెట్టిన."

"మరి చూసిండ్రా?"

"ఆ దినం నేను సిటీల ఉన్న."

నర్సింహులుకు భయం పుట్టింది. అది కోపం కన్నా పెద్దది. తన ఇంటి వాకిట్లో నిలబడి నరకం అన్న మనిషి ఆ రోజు 'నీ బలహీనత దేవునికి తెలుసు, బాధపడకు' అని వీపు తట్టి ఉంటే? ఈపాటికి అంతమ్మ సమాధి మీద గడ్డి మొలిచేది. గట్టి మాట ఉండబట్టే ఆమె బతికింది, తను మనిషయ్యాడు. ఆ మాటను ఇప్పుడు దాచేస్తే, రేపు ముందు వరుసలో కూర్చునేవాళ్లలో తనలాంటివాడికి ఎవడు చెబుతాడు?

"నేను దాటను అయ్యగారూ," అని చెప్పి వచ్చేశాడు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. ముందు వరుసలో పూలదండతో ప్రభాకర్, పక్కన అతని మనుషులు. బాల్‌రాజ్ చదవడానికి వేరే ఎవరినీ పెట్టలేదు. తన మాట నర్సింహులు తీసేయడని అతని నమ్మకం కావచ్చు. నర్సింహులు మైకు ముందు నిలబడి ఆ అధ్యాయమే తెరిచాడు.

రాజు తన కోట పక్కనున్న తోట అడగడం, మా పెద్దల సొత్తు ఇవ్వనని ఆ మనిషి అనడం చదివేదాకా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ప్రభాకర్ నవ్వుమొహంతోనే విన్నాడు. రాణి ఉత్తరాలు రాయించి, ఇద్దరు పనికిమాలినవాళ్లను అబద్ధసాక్ష్యానికి నిలబెట్టిన చోటికి వచ్చేసరికి వెనక కూర్చున్న వాడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నర్సింహులు తలెత్తి బాల్‌రాజ్ వైపు చూశాడు. తోటవాణ్ణి ఊరి బయట చంపి, రాజు ఆ తోటలోకి నడిచి పోయాడని చదివాడు. అప్పుడు ఎవరో మైకు ఆపేశారు. గనుల్లో కేక వేసి బతికిన గొంతుకు మైకుతో పనేముంది? చంపి, ఆక్రమించుకున్నావా అని ప్రవక్త అడిగిన మాట రోడ్డుదాకా వినబడింది.

ప్రభాకర్ మనుషులు ఇద్దరు లేచి వచ్చారు. ఒకడు గ్రంథం లాగేశాడు, రెండోవాడు చెంప మీద కొట్టాడు. నర్సింహులు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కింద పడేశారు. బూటుకాలు ఎడమవైపు పక్కటెముకల మీద పడింది, మళ్లీ అక్కడే పడింది, మళ్లీ అక్కడే. శివయ్యను కొట్టింది ఎవరో అతనికి అప్పుడు తెలిసింది. నోట్లో నెత్తురు నిండుతుంటే, కుక్కలు ఎక్కడ తోటవాడి నెత్తురు నాకాయో అక్కడే రాజు నెత్తురూ నాకుతాయన్న మాట కంఠతా చెప్పాడు. కసిగా చెప్పాడు. ఒక ఎముక పటుక్కున విరిగింది. అయినా చేతులు విడదియ్యలేదు.

అప్పుడు మైకు మళ్లీ పలికింది. బాల్‌రాజ్ గొంతు. "సైతాను మన పండుగ చెడగొట్టెటందుకు వచ్చిండు. అందరు కండ్లు మూసుకోండ్రి. స్తోత్రం చెప్పుండ్రి."

జనం కళ్లు మూసుకుని స్తోత్రం అన్నారు. తనతో బండలు మోసినవాళ్లు, తన చేతి అన్నం తిన్నవాళ్లు అన్నారు.

నర్సింహులు చేతులు విడిపోయాయి. మీదున్నవాణ్ణి ఎత్తి గోడకేసి కొట్టాడు. రెండోవాడి మోకాలు పక్కకు విరిచేశాడు. వాడి అరుపుకు అందరూ కళ్లు తెరిచారు. నాలుగు అడుగుల్లో బాల్‌రాజ్ దగ్గరికి చేరాడు. పన్నెండేళ్లు బండల మీద తప్ప ఎక్కడా పడని పిడికిలి ఆ దవడ మీద పడింది. దవడ విరిగిన చప్పుడు మైకులో పెద్దగా వినబడింది. పడిపోయినవాణ్ణి చొక్కా పట్టి లేపి మళ్లీ కొట్టాడు. మూడోసారి ఎత్తినప్పుడు ఆడవాళ్లవైపు నిలబడి ఉన్న అంతమ్మ కనబడింది. వంకరచేతిని ఛాతీకి అదుముకుని ఉంది. అతన్ని చూసి భయపడుతోంది.

పోలీసులు వచ్చేదాకా అతను అక్కడే కూర్చున్నాడు.

చేవెళ్ల అంగట్లో వారంరోజులు ఒకటే ముచ్చట. 'నర్సింహులు మళ్ల మొదలువెట్టిండు.' ద్రాక్షతోట గురించిగానీ శివయ్య గురించిగానీ ఒక్కరు మాట్లాడితే ఒట్టు. పదిహేను రోజులకు బావమరిది జామీను ఇచ్చి విడిపించాడు. ఇంటికి వస్తే అంతమ్మ అన్నం పెట్టింది గాని ఎదురుగా కూర్చోలేదు.

"ఆ అధ్యాయం ఆఖరుదాక చదివినవా?" అని వంటింట్లోంచే అడిగింది.

"లేదు. కొట్టబట్టిండ్రు."

"కొట్టకపోతే చదువుతుంటివా?"

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. చదవకుండా మిగిలినవాటిలో చివరవి మూడు వచనాలు. శనివారమే చూసుకున్నాడు వాటిని. ప్రవక్త మాట విని ఆ రాజు బట్టలు చింపుకున్నాడు, గోనె కట్టుకున్నాడు, తల వంచుకుని నడిచాడు. అది చూసి దేవుడు శిక్షను వాయిదా వేశాడు. అంతటి దుర్మార్గుడికి కూడా. కుక్కల మాట దగ్గర గొంతు పెంచినప్పుడు నర్సింహులుకు ఆ మూడు వచనాలు అక్కరలేకపోయాయి. బాల్‌రాజ్ మొదటి భాగం వద్దనుకున్నాడు, తను చివరి భాగం వద్దనుకున్నాడు. అది అర్థమయ్యాక కంచం పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు పొద్దున మొయినాబాదులో బాల్‌రాజ్ ఇంటికి పోయాడు. తలుపు తీసిన బాల్‌రాజ్ భార్య ప్రేమమ్మ అతన్ని చూసి వెనక్కి దూకింది. "ఇంక ఏం మిగిలిందని వచ్చినవ్? పానం తీస్తవా?"

"చదువనీకి వచ్చిన అక్కా. గుమ్మం అవుతలనే కూసుంట."

లోపల మంచం మీద బాల్‌రాజ్, దవడలు తీగతో కట్టేసి ఉన్నాయి. గొట్టంతో జావ తాగుతున్నాడు. చెయ్యి ఊపి రానిమ్మన్నాడు. నర్సింహులు గుమ్మం దగ్గరే కింద కూర్చుని ఆ మూడు వచనాలు చదివాడు. గొంతు పెంచలేదు. చదివి గ్రంథం మూశాడు.

బాల్‌రాజ్ కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. ప్రేమమ్మను సైగచేసి కాగితం, కలం తెప్పించుకున్నాడు. చాలాసేపు రాశాడు. నర్సింహులు అలవాటుకొద్దీ పైకి చదివాడు: శివయ్య పడిపోవడం నేను చూడలేదు. ఆ రోజు నేను అక్కడ లేను. ప్రభాకర్ చెప్పితే అబద్ధం సంతకం పెట్టాను. రామమ్మ ముందు, పోలీసుల ముందు ఈ మాట చెబుతాను. కింద సంతకం.

"నిన్ను గూడ సంపుతరు!" అని ప్రేమమ్మ కాగితం లాక్కోబోయింది. బాల్‌రాజ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకో కాగితం తీసి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. నర్సింహులు నన్ను కొట్టలేదు, తోపులాటలో పడి దవడ విరిగింది...

నర్సింహులు లేచి వచ్చి, అక్కడిదాకా చూసి, కలం పట్టుకున్న వేళ్ల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తగలగానే బాల్‌రాజ్ ఒళ్లు ఝల్లుమంది. అది నర్సింహులుకు తెలిసింది. తెలిసినా చెయ్యి తియ్యలేదు.

"వద్దు అయ్యగారూ," అన్నాడు. "కొట్టిన. మూడోది గూడ కొడుతుంటి, నా పెండ్లాం నిలబడి చూడబట్టి ఆగిన. ఠాణాల ఇప్పటిదాక రాసుకున్నదాంట్ల అదొక్కటే నిజం. అది గూడ కొట్టేస్తరా?"

ఆ కాగితాన్ని తానే చింపి, మొదటిదాన్ని మడిచి బాల్‌రాజ్ చొక్కా జేబులో పెట్టాడు. ఠాణాకు పోవడానికి ఆటో పిలవమని ప్రేమమ్మకు చెప్పి, బాల్‌రాజ్‌ను మంచం మీదినుంచి మెల్లగా లేపాడు.